బాతులు తినేసిన పరుగుపందెం

మా ఊరి హైస్కూలుకి ఇప్పటిదాకా రెండు పెద్ద ఉపద్రవాలు వచ్చాయి. ఒకటి తుపాను. ఆ గాలికి సగం పెంకులు ఎగిరి కాలవలో పడ్డాయి. రెండోది నేను. తుపాను వస్తోందని రేడియోలో ముందుగానే చెప్పారు. నేను వస్తున్నానని ఎవరూ చెప్పలేదు.

నవ్వదలుచుకున్నవాళ్ళు నిక్షేపంగా నవ్వండి. మా ఇంట్లో మనవలు నలభై ఏళ్ళ పైబడిన ఈ సంగతిని ఇప్పటికీ వారానికోసారి తవ్వి తీస్తారు. వాళ్ళు చెబితే బాతుల లెక్క ప్రతిసారీ ఓ వంద పెరుగుతుంది. అందుకే జరిగింది జరిగినట్టు నేనే రాసి పడేస్తున్నాను.

డెబ్బైల నాటి మాట. నాకప్పుడు ముప్పై నాలుగేళ్ళు. చదివింది ఐదో తరగతి, అదీ పరీక్షలకి ముందే ఆపేశారు. అయినా ఊళ్ళో నాకు తెలియని పనంటూ లేదని నా నమ్మకం. ఆ నమ్మకం ఎంత గట్టిదంటే, నాకు తెలియని పనుల్లో కూడా అంతే ధైర్యంగా చెయ్యి పెట్టేదాన్ని.

మా ఊరు గన్నవరం నుంచి ఉయ్యూరు వైపు పోయే దారిలో, కాలవ పక్కన ఉంటుంది. హైస్కూలుని మొదట ధాన్యం గోదాములో పెట్టారు. బస్తాలు వస్తే పిల్లలు బయటికి, బస్తాలు వెళ్తే పిల్లలు లోపలికి. కొన్నేళ్ళకి ఊరివాళ్ళు ఇంటికో బస్తా ధాన్యం వేసుకుని నాలుగు గదులు కట్టించారు. మా మామగారు ఒక్క బస్తా ఇచ్చి, గోడ మీద తన పేరు చెక్కించమని మూడేళ్ళు తిరిగారు. ఆటస్థలానికి మాత్రం లోటు లేదు. ఎకరంన్నర నేల, మూడు పక్కలా వరిచేలు.

ఆటల్లో మా స్కూలు గట్టిది. కబడ్డీకి మా వాళ్ళొస్తున్నారంటే పక్క ఊళ్ళవాళ్ళకి కాళ్ళ నొప్పులు ముందే మొదలయ్యేవి. ఈటె విసిరే కుర్రాడొకడు ఎంత ఘనుడంటే, వాడు విసిరిన ఈటె పోయి హెడ్మాస్టరుగారి గది కప్పులో దిగబడింది. వానాకాలం ఆ చిల్లులోంచి నీళ్ళు కారుతుంటే, ఆయన కింద గిన్నె పెట్టుకుని, వచ్చినవాళ్ళకి చెయ్యి పైకెత్తి చూపించేవారు. "చూశారా, అది మన స్కూలు రికార్డు" అని.

ఇక మా విమల. నా ఒక్కగానొక్క కూతురు, తొమ్మిదో తరగతి. వాకిట్లో వడ్లు ఆరబోస్తే కోళ్ళని తరిమే పని దానిది. అలా తరిమీ తరిమీ దానికి పరిగెత్తే కాళ్ళు వచ్చాయి. ఓ సాయంత్రం వచ్చి నా కొంగు పట్టుకుంది.

"అమ్మా, డ్రిల్లు మాస్టారు నా పేరు రెండొందల మీటర్ల పరుక్కి రాసుకున్నారు."

"ఎవరినడిగి?"

"మొదటిదాన్నయితే జిల్లా పోటీలకి బెజవాడ తీసుకెళ్తారంట."

"బెజవాడకి బస్సులున్నాయి కదే. పరిగెత్తడమెందుకు?"

పేపరు వెనకాల మా ఆయన దగ్గారు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

"సరే, విను" అన్నాను. "మొదటి స్థానం వస్తే బెజవాడ వెళ్ళు. రాలేదా, ఈ ఏటితో పరుగులకి స్వస్తి. స్కూలు వదలగానే ఇంటికొచ్చి కుట్టుమిషను ముందు కూర్చోవాలి. కొన్న మిషను ఊరికే తుప్పు పడుతోంది."

"అంతేనా అమ్మా? రెండోది వచ్చినా కూడానా?"

"నేనెప్పుడైనా మాట మార్చానా?"

"లేదు. అదే నా భయం" అని వెళ్ళిపోయింది.

ఆ మర్నాటి నుంచీ తెల్లారకముందే కాలవ గట్టు మీద పరిగెత్తడం మొదలుపెట్టింది. నేను పేడ కళ్ళాపి చల్లుతూ ఓరకంట చూసేదాన్ని. పిల్ల గాలిలా పోతోంది. పైకి ఏమీ అనలేదు కానీ, దాని అన్నంలో రెండో చెంచా నెయ్యి వేశాను. మా ఇంట్లో చెంచా రెండోసారి నేతిగిన్నెలోకి దిగడమంటే ఎంతటి సంగతో మా చుట్టాలనెవరినైనా అడగండి.

పందేలకి రెండు రోజుల ముందు డ్రిల్లు మాస్టారు దానియేలుగారు మా గుమ్మంలోకి వచ్చారు. చేతిలో ఖాళీ డబ్బా.

"అమ్మా తులశమ్మగారూ, ఓ డబ్బాడు ముగ్గుపిండి ఇప్పించండి. ఇంటింటికీ తిరుగుతున్నాను. గ్రౌండులో గీతలకని తెచ్చిన సున్నం బస్తా మొన్నటి వానకి తడిసి రాయైపోయింది."

"ఎక్కడ పెట్టారేం?"

"హెడ్మాస్టరుగారి గదిలోనండీ" అన్నారాయన నేల చూస్తూ. "ఆ రికార్డు కిందే."

"ఇంటికో డబ్బా పోగేస్తే మీ గీతలు బొంతకి వేసిన అతుకుల్లా ఉంటాయి మాస్టారూ. మొత్తం పిండి నేనిస్తాను. గీసిపెట్టేదీ నేనే."

"అంత పిండి ఎక్కణ్ణించి తెస్తారండీ?"

"అది నాకు వదిలెయ్యండి. స్కూలుకి ఎర్ర ఏగానీ ఖర్చు కాదు."

ఆయన రెండు చేతులూ జోడించి, "ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాలమ్మా" అన్నారు. ఆ దీవెనని తరవాత వెనక్కి తీసుకున్నారేమో నేనడగలేదు.

నా ధీమా ఏమిటంటే, మా బావగారికి రైసు మిల్లు ఉంది. ధాన్యం ఆడించాక నేలంతా తెల్లటి పిండీ, సన్న నూకా పరుచుకుంటాయి. కూలీలు ఊడ్చి మూల పోస్తారు. తరవాత అది గేదెల కుడితిలోకి పోతుంది. మల్లెపువ్వులాంటి పిండి, ఊరికే వస్తుంటే డబ్బు పోసి ముగ్గుపిండి కొనేదాన్ని ఏమనాలి? నేనైతే చెవి మెలేస్తాను.

"రెండు బస్తాలెందుకమ్మా?" అన్నారు బావగారు.

"స్కూలుకి."

"స్కూలువాళ్ళు గేదెల్ని ఎప్పుడు కొన్నారు?"

మా ఆయన కూడా బస్తాలు చూసి గొణిగారు. "తినే వస్తువుతో గీతలేమిటి, తులశీ?"

"పండగనాడు వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గు పెట్టమా? చీమలకింత మేత వేసినట్టూ ఉంటుంది, పుణ్యమూ వస్తుంది. సున్నంతో పుణ్యం వస్తుందా?"

"చీమలు సరే. ఊళ్ళో చీమలకంటే పెద్దవి కూడా ఉన్నాయి" అన్నారాయన.

ఈ మాట విని ఉంటే ఈ కథే లేదు. నేను వినలేదు. ఆయన మాట వినే అలవాటు నాకప్పటికింకా లేదు. ఇప్పుడూ లేదు.

పందేలకి ముందురోజు సాయంత్రం దానియేలుగారు మేకులు పాతి తాడు పట్టారు. నేను కొంగు బిగించి పిండి వదిలాను. ఎనిమిదో ఏట నుంచీ ముగ్గులు పెట్టిన చెయ్యి నాది. అయిదుగురు పరిగెత్తడానికి ఆరు గీతలు, వంపు దగ్గర కూడా వేలెడు తేడా లేకుండా గ్రౌండు చుట్టూ తిప్పి కలిపాను. పని బాగా కుదిరితే చెయ్యి ఊరుకోదు కదా. పందెం ముగిసే చోట పిండి మిగిలింది కదా అని ఓ ఎనిమిది రేకుల పద్మం కూడా వేశాను.

"ఇదేమిటండీ?" అన్నారు దానియేలుగారు.

"పద్మం."

"పరుగుపందేనికి పద్మమెందుకమ్మా?"

"గెలిచిన పిల్ల వట్టి మట్టి మీద అడుగుపెడుతుందా?"

ఆయన టోపీ తీసి తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి మూడో గీత మీద కాకుల పంచాయితీ జరుగుతోంది. అవతల పిచ్చుకలు నా పద్మంలో రెండు రేకులు తినేశాయి. గోరింకలు గట్టు మీద వంతు కోసం కూర్చున్నాయి. ఉష్షంటూ అన్నిటినీ తోలి, చేటలో తెచ్చిన పిండితో చిరుగులన్నీ పూడ్చాను. ఇక్కడైనా బుద్ధి రావాలి. రాలేదు. "పక్షులకీ పుణ్యమే" అనుకున్నాను.

బెజవాడ నుంచి ఆటల ఇన్‌స్పెక్టరుగారు జీపులో దిగారు. నల్ల కళ్ళద్దాలు, మెడలో స్టాపువాచీ. గ్రౌండు చూసి ఆగిపోయారు.

"అబ్బ, ఇంత తీరైన గీతలు బెజవాడలో కూడా చూడలేదండీ! ఏం సున్నమిది?"

"సొంత తయారీ" అన్నాను, ఇంకో రెండంగుళాలు పొడుగు పెరిగి.

ఆడపిల్లల పరుగు పదింటికి. పిల్లల్ని గీతల్లో నిలబెట్టారు. చూద్దును కదా, మా విమలని అందరికంటే వెనక నిలబెట్టారు! పోస్టుమాన్‌గారి అమ్మాయి రాజ్యం దాని పక్క గీతలో నాలుగడుగులు ముందుంది. చివరి పిల్లయితే దాదాపు వంపు దగ్గర ఉంది.

"మాస్టారూ! మా పిల్ల ఏం పాపం చేసింది? అందరినీ ఒక్క వరసలో నిలబెట్టలేరా?"

"లోపలి చుట్టు చిన్నదమ్మా, బయటి చుట్టు పెద్దది. అందుకని బయటివాళ్ళు ముందు నుంచి మొదలుపెడతారు."

"గీసింది నేను. ఏది చిన్నదో నాకు తెలియదా?"

"అమ్మా!" అంది విమల పళ్ళ బిగువున. "నువ్వెళ్ళి కూర్చో."

కూర్చోలేదు కానీ, నాలుగడుగులు వెనక్కి వేశాను. చేట చేతిలోనే ఉంది.

ఇక్కడ తెలియనివాళ్ళకి ఓ మాట చెప్పాలి. మా వైపు కోతలైపోయాక కొల్లేటి వైపు నుంచి బాతులవాళ్ళు మందల్ని తోలుకొస్తారు. పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా అవి చేలల్లో రాలిన గింజలు ఏరుకుంటూ ఊరూరా తిరుగుతాయి. ఆ రోజు ఓ మంద మా గ్రౌండు పక్క చేలోనే ఉంది. నేను చూశాను కూడా. "పాపం, ఈ చేలో గింజలేం మిగిలాయని" అని జాలి కూడా పడ్డాను. నా జాలి వాటికి వినబడిందేమో.

విజిలు మోగింది. పిల్లలు దూకారు. విమల మొదటి వంపులోనే రాజ్యాన్ని పట్టేసింది. నేను చేట పట్టుకునే గంతులేస్తున్నాను. సరిగ్గా అప్పుడు అవతలి గట్టు మీదికి ఓ బాతు ఎక్కింది. మెడ చాచి ఇటు చూసింది, అటు చూసింది, దిగి నా గీతని ఒక్కసారి రుచి చూసింది. తరవాత వెనక్కి తిరిగి ఒక్క కేక పెట్టింది. ఏమందో నాకు తెలియదు కానీ, పెళ్ళిలో "వడ్డనకి లేవండి" అన్నప్పుడు కూడా జనం అంత వేగంగా రారు.

నాలుగొందల బాతులు. మా మనవలు వెయ్యి అంటారు, నమ్మకండి. గట్టెక్కి, దిగి, ఏ గీత దొరికితే ఆ గీత మీద వరసకట్టాయి. గీత వంపు తిరిగిన చోట బాతులూ వంపు తిరిగాయి. నిజం చెప్పాలంటే ఆ పూట గ్రౌండులో ఎవరి గీతలో వాళ్ళున్నది బాతులు మాత్రమే. పిల్లలు కెవ్వుమని చెల్లాచెదురయ్యారు. ఓ పిల్ల బాతుల మధ్య చతికిలబడి ఏడుపు లంకించుకుంది. ముక్కులు ఆడించుకుంటూ బాతులు గీతని తినేసి వెళ్తుంటే వెనక వట్టి నేల మిగులుతోంది. మా విమల ఒక్కటే ఆగలేదు. బాతుల మీంచి గెంతుతూ వస్తోంది. ముందు ఇంకో వంద ఉన్నాయి.

ఓడితే పరుగులకి స్వస్తి అన్నది నేనే కదా? అది బుర్రలో మెరిసింది. అంతే, కొంగు నడుమున దోపి, చేట ఎత్తి గ్రౌండులోకి దూకాను.

"హేయ్! హుష్! దారివ్వండే, నా కూతురొస్తోంది!"

బాతులు ముందు, వాటి వెనక నేను, నా వెనక విమల. "అమ్మా, తప్పుకో!" అని అది అరుస్తోంది. "నువ్వు రావే, నేను తోలుతున్నాగా!" అని నేను. జనం ఏదో అంటున్నారు. మెచ్చుకుంటున్నారనుకుని ఇంకా జోరు పెంచాను. ఒక్కసారి మెడకి ఏదో మెత్తగా తగిలి తెగింది. చూసుకుంటే నేను పద్మంలో నిలబడి ఉన్నాను. గెలిచినవాళ్ళు తెంపాల్సిన దారం నా మెడలో దండలా వేలాడుతోంది.

బాతులు మాత్రం తలెత్తకుండా తింటూనే ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరుగారు వాచీ నొక్కి, కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు. "ఈవిడ ఏ క్లాసండీ?"

"గీతలు గీసినావిడండీ" అన్నారు దానియేలుగారు.

"రెండోదిగా వచ్చిన అమ్మాయి ఈవిడ కూతురా? అయితే ఆ అమ్మాయిని పందెం నుంచి తీసెయ్యాలి. మధ్యలో బయటివాళ్ళు సాయం చెయ్యకూడదు. అది రూలు."

"నేనెవరికీ సాయం చెయ్యలేదండీ" అన్నాను. "బాతుల్ని తోలాను."

"ఎవరి ముందు నుంచి తోలారు?"

విమల ఏడవలేదు, అరవలేదు. నా వైపు ఒక్కసారి చూసింది, అంతే. మా అత్తగారి పదిహేనేళ్ళ సాధింపులు ఒకెత్తు, ఆ చూపు ఒకెత్తు.

అప్పుడు ముందుకొచ్చింది రాజ్యం. విమలని తీసేస్తే గెలుపు తనదే. పిల్ల నెత్తి మీద బాతు ఈక ఒకటి.

"సార్, ఆవిడ తోలిన బాతులన్నీ నా గీతలోకే వచ్చాయి. ఇలా గెలిచి బెజవాడ వెళ్తే నన్ను చూసి అందరూ నవ్వుతారు. మళ్ళీ పెట్టండి. విమలని నేను మామూలుగానే ఓడిస్తాను."

"ఓడిస్తావా?" అంది విమల.

"చూద్దువుగాని రా."

ఇన్‌స్పెక్టరుగారికి పిల్లల పౌరుషం నచ్చింది. నాలుగింటికి మళ్ళీ పందెమన్నారు. "ఒక్క షరతు. ఆ టైముకి ఈవిడ గ్రౌండులో ఉండకూడదు."

ఆ రోజు మొత్తంలో అంత గట్టిగా చప్పట్లు దానికే పడ్డాయి. కొట్టినవాళ్ళలో మా ఆయన కూడా ఉన్నారు.

బాతులు కడుపులు నిండి కదలమంటే కదలవు. బాతులాయన వాటిని పోగుచేసుకుని, వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి దండం పెట్టాడు. "అమ్మగారూ, రేపు కూడా గీస్తారాండీ?"

మధ్యాహ్నం దానియేలుగారు మళ్ళీ గీతలు వేయించారు. దేంతో అనుకున్నారు? మా బావగారి మిల్లు బాయిలరులో ఊక కాలితే వచ్చే బూడిదతో. నల్లటి గీతలు, ఈగ కూడా వాలలేదు. అదీ ఊరికే వచ్చేదే! అదీ మా మిల్లుదే! నాకు జరిగిన అన్ని అవమానాల్లోకీ ఇదే ఎక్కువ బాధించింది.

నాలుగింటికి నన్ను హెడ్మాస్టరుగారి గదిలో కూర్చోబెట్టి కిటికీ మూశారు. నేను బయటికి ఉరకకుండా ఆయన స్కూలు చరిత్రని మొదటి పేజీ నుంచి చదివి వినిపించారు. ధాన్యం గోదాము సంగతి చదువుతుండగా విజిలు మోగింది. మా మామగారి బస్తా దగ్గరికొచ్చేసరికి బయట జనం హోరెత్తారు. ఆయన ఆగలేదు, నేనూ కదల్లేదు. కుర్చీ చేతుల్ని మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

తలుపు తోసుకుని విమల వచ్చింది. ఒళ్ళంతా చెమట. వెనక దానియేలుగారు.

"ఏమైందే?"

"రాజ్యం గెలిచింది. జానెడు తేడా."

పొద్దుట ఓసారి ప్రాణం పెట్టి పరిగెత్తిన కాళ్ళు కదా, ఇంకెంత ఈడుస్తాయి? ఆ ఓపికంతా నా నూకపిండి పాలైంది. విమలే అంది, కళ్ళు దించుకుని.

"మాట మాటే అమ్మా. రేపట్నుంచి మిషను ముందు కూర్చుంటాలే."

"అదెలా కుదురుతుంది?" అని లేచాను. "పొద్దున నువ్వు గెలిచావు కదా!"

"పొద్దున గెలిచింది నువ్వమ్మా."

హెడ్మాస్టరుగారు స్కూలు చరిత్రని మొహానికి అడ్డం పెట్టుకున్నారు. దానియేలుగారు గోడ వైపు తిరిగారు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. విమల పెదాలు బిగించి చూస్తోంది. నాకు లోపలి నుంచి ఏదో తన్నుకొచ్చింది. ఏడుపేమో అనుకున్నాను, నవ్వు. పక్క గదిలో పిల్లలు బెదిరి తొంగిచూసేంత నవ్వు. నేనలా నవ్వగలనని నా కూతురికి పద్నాలుగేళ్ళ తరవాత అప్పుడే తెలిసింది.

"మిషను ముందు నేను కూర్చుంటాను" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు పరిగెత్తు. వచ్చే ఏడూ, ఆపై ఏడూ."

"అంటే మాట మార్చావన్నమాట?"

"మార్చాను. మాస్టారూ, మీరే సాక్షి."

మరుసటి ఏడు విమల బెజవాడ వెళ్ళింది. బస్సులోనే లెండి. అక్కడ ఏం చేసిందన్నది అది చెప్పుకోవాల్సిన గొప్ప, నేను లాక్కోకూడదు. ఓసారి లాక్కున్నది చాలు.

కాబట్టి ఇది చదువుతున్న మీ అందరి ఎదుటా, పూర్తి స్పృహలో ఉండి ప్రమాణం చేస్తున్నాను. కుండలోకి వెళ్ళదగ్గ వస్తువుతో ఇక ఏ బడి గ్రౌండులోనూ గీత గియ్యను. పద్మం అసలే వెయ్యను. నా పిల్లలూ మనవలూ ఏ పందెంలో పరిగెత్తినా వాళ్ళ ముందు పరిగెత్తను. గీత ఇవతలే నిలబడతాను, రెండు చేతులూ వెనక కట్టుకుని. నోరు కూడా కట్టుకోమంటే మాత్రం, అది నా వల్ల కాదు.